దుబాసీని తీసేసిన శనివారం

2006 జూన్‌లో నన్ను డీటీపీ విభాగం ఇన్‌ఛార్జిగా వేశారు. పత్తి, మిరప రైతులకు పురుగుమందుల వాడకంలో శిక్షణ ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థ అది, గుంటూరులో ఉండేది. అంతకుముందు అక్కడే పదకొండేళ్లు ఆపరేటర్‌గా, సీనియర్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పైన ప్రచురణల మేనేజరు, ఆయన పైన సెక్రటరీ గారు. కింద ఇద్దరు ఆపరేటర్లు, మూడు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు. పేజీ తప్పు పోతే మొదట పిలిచేది మాత్రం ఇన్‌ఛార్జినే.

మా నాన్నగారు చీరాల దగ్గర పల్లెల్లో సంఘ ఉపదేశి. చిన్నతనంలో నా కుడికాలు చచ్చుపడి బడికి నడవలేకపోయాను. ఆయనే ఇంట్లో కూర్చోబెట్టి బైబిలుతో అక్షరాలు, పాత వార్తాపత్రికలతో లోకం నేర్పారు. పదో తరగతి, ఇంటరు ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. కాలేజీ గడప తొక్కని మనిషికి ఇన్‌ఛార్జి పదవి ఏమిటని కమిటీలో కొందరు అడ్డం చెప్పారట. మేనేజరు రామ్మోహన్ గారు పట్టుబట్టి ఇప్పించారు. ఆ మేలును నేను రోజూ తలుచుకునేదాన్ని. ఉదయం ప్రార్థనలో ఆయన పేరు కూడా చెప్పేదాన్ని. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తోంది. కోపాన్ని అణుచుకోమని చిన్నప్పటినుంచి విన్నదాన్ని. ఈ ఒక్కదాన్ని అణుచుకోవడం నాకు చేతకాలేదు.

నేను ఇన్‌ఛార్జి అయ్యేనాటికి మా మూడు మెషిన్లలోనూ ఉన్న సాఫ్ట్‌వేర్లన్నీ దొంగ కాపీలే. ఆ రోజుల్లో గుంటూరులో ఏ డీటీపీ సెంటర్‌లో చూసినా అంతే. మాకు నిధులిచ్చేవాళ్లు తనిఖీకి వచ్చి లైసెన్సు కాగితాలు అడిగేసరికి అందరి మొహాలూ తెల్లబోయాయి. కొనే స్తోమత లేదు. అప్పుడు ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి మారాలని నిర్ణయించారు. పేజీలు కట్టడానికి స్క్రైబస్, ఫోటోలు సరిచేయడానికి గింప్. దొంగసొత్తుతో పనిచేస్తున్నానన్న ముల్లు ఏళ్లుగా నా మనసులో ఉండేది. ముక్కూమొహం తెలియని మనుషులు ఎక్కడో కూర్చుని రాసి, ఊరికే తీసుకోండని ఇస్తున్నారంటే మొదట నమ్మలేకపోయాను. వాళ్లనీ నా ప్రార్థనలో చేర్చుకున్నాను.

చదివేవాళ్లకు ఒక విషయం చెప్పాలి. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఒక్కటే దిగదు, దానికి తోడుగా నాలుగైదు వేరే దిగాలి. ఆ వరస తప్పకూడదు. గింప్‌కి ముందు జీటీకే అనేది వేయాలి. అది లేకపోతే గింప్ తెరుచుకోదు. స్క్రైబస్‌కి ముందు ఘోస్ట్‌స్క్రిప్ట్ వేయాలి. అచ్చుపనికి పోస్ట్‌స్క్రిప్ట్ అని ఒక భాష ఉంది. పేజీ మీద ఏ గీత ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో ప్రింటర్‌కి చెప్పే భాష అది. పాత డ్రాయింగ్ ప్యాకేజీల్లో మేము గీసుకున్న బొమ్మలు, పెట్టెలు ఆ భాషలోనే ఫైళ్లుగా ఉండేవి. స్క్రైబస్‌కి ఆ భాష సొంతంగా రాదు. ఘోస్ట్‌స్క్రిప్ట్ పక్కన నిలబడి దుబాసీలాగా చదివి చెప్పాలి. దుబాసీ లేకపోతే ఫైలు ఉన్నచోటే ఉంటుంది, పేజీలో దాని జాగా జాగాగానే ఉంటుంది, లోపల మాత్రం తెల్లగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు. ఆ దుబాసీ దిగే ఫోల్డరు పేరులోనే వెర్షన్ నంబరు ఉంటుంది. మాది 8.54. మా మెషిన్లలో స్క్రైబస్ ఆ చిరునామాను నంబరుతో సహా గుర్తుపెట్టుకునేది. కొత్త వెర్షన్ వేస్తే అది కొత్త నంబరున్న ఫోల్డర్లో దిగుతుంది. అప్పుడు స్క్రైబస్ సెట్టింగుల్లోకి వెళ్లి చిరునామాను చేత్తో మార్చాలి. మార్చకుండా పాతదాన్ని తీసేస్తే, స్క్రైబస్ పోయి ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతుంది.

ఇవన్నీ నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒక్కో మెషిన్ మీద మూడేసిసార్లు తప్పు చేసి నేర్చుకున్నాను. నేర్చుకున్నాక విభాగంలో మూడు నియమాలు పెట్టాను. పుస్తకం పని మధ్యలో ఉండగా ఏ సాఫ్ట్‌వేర్‌నీ మార్చకూడదు. మారిస్తే పాతదాన్ని వారం రోజులు తీసేయకూడదు. మార్చిన వెంటనే పరీక్ష పేజీ తీయాలి. పరీక్ష పేజీ అంటే ఒక తెలుగు పేరా, ఒక ఫోటో, ఒక పట్టిక, ఒక పాత పెట్టె, అన్నీ ఒకే కాగితం మీద ఉండేలా నేను కట్టిపెట్టిన పేజీ. అది ప్రింటు తీసి, పాత ప్రింటు పక్కన పెట్టి చూడాలి. ఐదు నిమిషాల పని.

2007 ఆగస్టులో మాకు పెద్ద పని వచ్చింది. పత్తి, మిరపలో మందులు కొట్టేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తల మీద ముప్పైరెండు పేజీల పుస్తకం. సెప్టెంబరులో మందులు కొట్టడం ముమ్మరం అవుతుంది కాబట్టి ఆలోపు ఊళ్లకు చేరాలి. పేజీలు కట్టింది సలోమీ. పొదిలి దగ్గర పల్లె పిల్ల. అమ్మానాన్నలు కూలికి వెళ్లి ఇంటర్ దాకా చదివించారు, ఆ తర్వాత టైపు నేర్చుకుని మా దగ్గర జూనియర్ ఆపరేటర్‌గా చేరింది. నేను చూసిన ఆపరేటర్లలో అంత శుభ్రమైన చెయ్యి ఇంకొకటి లేదు. ఆ పుస్తకం అంటే దానికి ప్రత్యేకమైన పట్టుదల. మందు కొడుతూ పడిపోయిన వాళ్లను చిన్నప్పుడు కళ్లారా చూసిందట.

వెనక అట్ట లోపలి పేజీలో ఎర్ర గీతల పెట్టె ఒకటి ఉంది. పైన “ప్రమాదం జరిగితే” అనే శీర్షిక. లోపల, మందు ఒంటిమీద పడితే ఏం చేయాలి, పీల్చి కళ్లు తిరిగితే ఏం చేయాలి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందు డబ్బా ఎందుకు వెంట తీసుకెళ్లాలి అన్నది బొమ్మలతో సహా ఉంది. శీర్షిక, ఎర్ర గీతలు స్క్రైబస్‌లోనే పెట్టినవి. లోపలిది మాత్రం పాత పుస్తకం నుంచి తీసుకున్న పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు. పుస్తకం మొత్తం మీద దుబాసీ అవసరం పడేది ఆ ఒక్క పెట్టెకే.

గురువారం ఆఖరి ప్రూఫు మీద ముగ్గురం సంతకాలు పెట్టాం. వ్యవసాయ విషయాలు చూసే ఆఫీసరు, రామ్మోహన్ గారు, నేను. పెట్టె చక్కగా ఉంది. సోమవారం పీడీఎఫ్ తీసి, ప్రెస్సుకు కావలసిన ఫిల్ములు తీయించడానికి పంపాలి. సలోమీ శుక్రవారం నుంచి మూడు రోజులు సెలవు పెట్టి అక్క పురిటికి ఊరెళ్లింది.

శనివారం మధ్యాహ్నం రామ్మోహన్ గారు హైదరాబాదు నుంచి ఒక సీడీ తెచ్చారు. అక్కడి స్నేహితుడెవరో అన్నిటికీ కొత్త వెర్షన్లు ఎక్కించి ఇచ్చాడట. కొత్త వస్తువు చేతికొస్తే ఆయన ఆగలేరు. వచ్చి సలోమీ మెషిన్ ముందు కూర్చున్నారు.

“పుస్తకం మధ్యలో ఉందండి, సోమవారం అయ్యాక చూద్దాం” అన్నాను.

“కృపావతి గారూ, మీరింకా రోలూ రోకలీ పట్టుకుని కూర్చుంటే ఎలాగండీ? ఊళ్లో మిక్సీలు వచ్చి ఎన్నాళ్లయింది! గంటలో అన్నీ కొత్తవి చేసి ఇస్తా, చూడండి” అని నవ్వారు.

నాకూ నవ్వొచ్చింది. మేనేజరు స్థాయి మనిషి సెలవుపూట కూర్చుని మా విభాగం కోసం కష్టపడుతున్నారు కదా అనిపించింది. కొత్త ఘోస్ట్‌స్క్రిప్ట్ దింపి, పాతదాన్ని తీసేశారు. పాతది ఉంటే కొత్తదానికి అడ్డం అన్నారు. చిరునామా సంగతి నేను ఎత్తబోయాను. “అదే చూసుకుంటుందండీ” అన్నారు. లేచి వెళ్లేటప్పుడు ఆయనకు టీ తెప్పించి రెండుసార్లు థాంక్స్ చెప్పాను. పరీక్ష పేజీ తీయలేదు. ఆయన చేసిన పనికి ఆయన ముందే పరీక్ష పెడితే మర్యాదగా ఉండదనిపించింది. నియమం పెట్టింది నేనే, తప్పిందీ నేనే.

సోమవారం నేను నేతగాళ్ల కరపత్రం పని మీద చీరాల వెళ్లాను. ఆరోజు జరిగింది సలోమీ, పక్క మెషిన్ ఆపరేటరు ఇద్దరూ తర్వాత విడివిడిగా చెప్పారు, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. స్క్రైబస్ తెరవగానే ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. ఘోస్ట్‌స్క్రిప్ట్ కనబడటం లేదు, ఆ రకం బొమ్మలు వాడలేరు అని దాని భావం. రామ్మోహన్ గారు పక్కనే నిలబడి తొందర పెడుతున్నారు.

“సార్, ఇక్కడేదో అంటోంది” అంది సలోమీ.

“అనేవన్నీ వింటే పని అవదమ్మా. ఓకే కొట్టు.”

పీడీఎఫ్ తీసేముందు స్క్రైబస్ తప్పుల జాబితా ఒకటి చూపిస్తుంది. అందులోనూ ఒక బొమ్మ దొరకడం లేదని వచ్చింది. సలోమీ మళ్లీ ఆగింది.

“సార్, మేడం వచ్చాక ఒకసారి అడిగి...”

“మేడం సంతకం పెట్టిన ప్రూఫు ఇదిగో నా చేతిలో ఉంది. ఇంకేం అడుగుతావు? ఇగ్నోర్ అని ఉంది చూడు, అది నొక్కు. ఫిల్మ్ వాడు ఎదురుచూస్తున్నాడు.”

నొక్కింది. పీడీఎఫ్ సీడీ మీదకు ఎక్కింది, ఫిల్ములకు వెళ్లింది, అక్కణ్నుంచి ప్రెస్సుకు వెళ్లింది. ఎర్ర గీతల మధ్య తెల్లగా ఉన్న పెట్టెను ప్రెస్సులో ఎవరూ అనుమానించలేదు. ఎవరో రాసుకోవడానికి వదిలారనుకున్నారట.

పుస్తకాలు మొదట వెళ్లింది పొదిలి వైపు ఊళ్లకు. పంచిన పదిరోజులకు మా క్షేత్ర కార్యకర్త ఒకామెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఆవిడ భర్త పత్తికి మందు కొడుతూ పంపు కారి వీపంతా తడిసి చేలోనే కూలబడ్డాడు. పుస్తకాలు పంచిన మీటింగులో మా వాళ్లు ఆపద వస్తే వెనక అట్ట చూడమని పదేపదే చెప్పారు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగిన మనిషి, ఇంటికి పరిగెత్తి పుస్తకం తీసింది.

“ప్రమాదం జరిగితే అని పైన రాశారమ్మా. కింద ఏవీఁ లేదు. రెండు పేజీలు అంటుకున్నాయేమోనని గోరుతో గీకా. ముందుకు తిప్పా, వెనక్కు తిప్పా. మనిషేమో చేలో పడున్నాడు. ఏమ్మా, ఖాళీ డబ్బా గీసి ఇచ్చారేం? చచ్చినాక పేరు రాసుకోమనా?”

ఆవిడ గట్టిగా అరవలేదు. పుస్తకం నా బల్ల మీద పెట్టి, ఆ పేజీ మీద వేలు ఆనించి నిలబడింది. ఎర్ర గీతల లోపల గోటి గీరలు కనిపిస్తున్నాయి. చేలో ఉన్న ముసలాయన ఒకరు చొక్కా విప్పించి, నీళ్లు పోయించి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి పంపించాడు. అలా మనిషి బతికాడు, దేవుని కృప. మా పుస్తకం మాత్రం ఆయనకు అక్కరకు రాలేదు.

ఆ మధ్యాహ్నమే రామ్మోహన్ గారు మెమో తయారుచేశారు. మెమో అంటే తప్పుకు సంజాయిషీ అడిగే కాగితం. ఇది అడిగేది కాదు, తేల్చేసింది. “ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల ముఖ్యమైన భాగం పేజీ నుంచి తొలగిపోయింది” అని ఉంది. కింద సలోమీని పనిలోనుంచి తీసేయాలన్న సిఫారసు. విభాగం ఇన్‌ఛార్జిగా నేను సంతకం పెట్టాలి. మెమో నా బల్ల మీద పెట్టి, సలోమీని పిలిచి అందరి ముందూ అన్నారు.

“ఏమ్మా, నొక్కింది నువ్వా కాదా?”

“నేనే సార్. మీరు నొక్కమంటేనే...”

“నేను దూకమంటే బావిలో దూకుతావా? వీళ్లకు పనులు నేర్పి కుర్చీల్లో కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది.”

వీళ్లకు అన్నారు. ఆ మాటలో ఎవరెవరు వస్తారో ఆ గదిలో అందరికీ తెలుసు. నేనూ వస్తాను. సలోమీ మొహం కందిపోయింది. సొరుగు తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. రేపటినుంచి రావద్దు, కబురు చేస్తాం అన్నారు. సలోమీ నా వైపు చూసింది. నేను మెమో వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సింది ఒకటి ఉంది. ఆ సమయానికి నాకు అసలు సంగతి తెలుసు. ఆ రైతు భార్య వెళ్లగానే సలోమీ మెషిన్ తెరిచాను. ఇంగ్లీషు మెసేజ్ వచ్చింది. సెట్టింగుల్లోకి వెళితే చిరునామా 8.54 అనే ఉంది, ఆ ఫోల్డరేమో డ్రైవ్‌లో లేనేలేదు. కొత్త ఫోల్డరు మీద శనివారం తేదీ, మధ్యాహ్నం మూడు దాటిన టైము. పది నిమిషాల్లో అంతా తేలిపోయింది. అయినా నోరు విప్పలేదు. మెమో మీద సంతకం మాత్రం పెట్టలేదు, రేపు చూసి పెడతానండి అన్నాను. ఆయన వెళ్తూ వెళ్తూ మెల్లగా అన్నారు, “కృపావతి గారూ, మీ పోస్టు విషయంలో కమిటీతో నేనెంత పోట్లాడానో మీకు తెలుసు కదా.” తెలుసు. ఆ మేలే నా నోరు కట్టేసింది.

ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాను. రామ్మోహన్ గారి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. నాకు కోపం వచ్చింది, అది ఆయన మీదేననుకున్నాను. కాసేపటికి అందులో సగం నా మీదేనని తెలిసింది. ఆయన నాకు పోస్టు ఇప్పించింది నిజమే. దానికి బదులుగా ఇంకొకరి బతుకు తీసి ఇవ్వడానికి ఆ బతుకు నా సొంతం కాదు.

మర్నాడు ఉదయం పదింటికి సెక్రటరీ గారి గదిలోకి వెళ్లాను. ఆయన వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మనిషి, కంప్యూటర్ గురించి ఏమీ తెలియదని ఆయనే చెప్పుకునేవారు. రామ్మోహన్ గారిని కూడా పిలిపించమని అడిగాను. వెనకనుంచి చెప్పడం నాకు ఇష్టం లేదు. ముగ్గురం సలోమీ మెషిన్ దగ్గరికి వచ్చాం.

స్క్రైబస్ తెరిచాను. మెసేజ్ వచ్చింది. సెక్రటరీ గారిని చదవమన్నాను. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో ఇంగ్లీషు మాటా పైకి చదివారు.

“అమ్మాయ్, ఇది స్పష్టంగానే చెబుతోంది కదా, బొమ్మ రాదు అని?”

“అవునండి. తెరిచిన ప్రతిసారీ చెబుతుందండి.”

ఆఖరి పేజీ చూపించాను. పెట్టె ఖాళీగా ఉంది. బొమ్మ ఫైలు డ్రైవ్‌లో ఉందని, పేజీలో దాన్ని పెట్టిన జాగా చెక్కుచెదరలేదని చూపించాను. ఎవరూ దేన్నీ తొలగించలేదు. తర్వాత నా సీడీలోనుంచి పాత 8.54 దింపి, స్క్రైబస్ మూసి తెరిచాను. మెసేజ్ రాలేదు. పెట్టె నిండింది. చొక్కా విప్పుతున్న మనిషి, నీళ్ల బిందె, మందు డబ్బా, అన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆపై కొత్త ఫోల్డరు మీది తేదీ చూపించి, హాజరు పట్టీలో శుక్రవారం నుంచి ఆదివారం వరకు సలోమీ పేరు ఎదురుగా ఉన్న సెలవు గుర్తు చూపించాను.

రామ్మోహన్ గారు ఎర్రబడ్డారు. “అప్‌డేట్ చేసింది నేనే. తప్పేముంది? నాకు థాంక్స్ చెప్పిందెవరు? ఆ పరీక్ష పేజీ అనేది పెట్టిందెవరు? అది తీయాల్సింది ఈవిడ కాదా?”

“నేనేనండి” అన్నాను. “తీయలేదు. అది కాగితం మీద రాసి సంతకం పెట్టి తెచ్చాను.”

తెచ్చిన కాగితం సెక్రటరీ గారికి ఇచ్చాను. అందులో నాలుగు వాక్యాలున్నాయి. శనివారం మేనేజరు గారు సాఫ్ట్‌వేర్ మార్చారు. ఇన్‌ఛార్జి పరీక్ష చేయలేదు. సోమవారం ఆపరేటరు రెండుసార్లు అడిగినా మేనేజరు గారు నొక్కమన్నారు. ఆపరేటరు తప్పు లేదు.

అప్పుడు నా గొంతు పెరిగింది. నాకు తెలిసి ఆఫీసులో అదొక్కసారే. “సార్, ఒక మనిషి చేలో పడి ఉంటే వాళ్లావిడ మన తెల్ల కాగితాన్ని గోటితో గీకిందండి. ఆ కాగితం తెల్లగా ఉందని ముందే చెప్పింది ఈ మెషిన్, ఆ తర్వాత చెప్పింది ఆ పిల్ల. ఇద్దరి మాటా వినంది మనం. వినమన్నవాళ్లను బయటికి తోసి, వినని వాళ్లం కుర్చీల్లో కూర్చుంటామా? వీళ్లు అన్నారు నిన్న. ఆ వీళ్లలో నేనూ ఉన్నాను. తీసేస్తే నన్ను కూడా తీసేయండి.”

రామ్మోహన్ గారు, “ఇంత చేసినందుకు ఇదా మీ కృతజ్ఞత?” అన్నారు. ఆ ప్రశ్నకు నేను జవాబు బాకీ లేననిపించింది.

సెక్రటరీ గారు మెమో మీద అడ్డగీత కొట్టి “ఉపసంహరించడమైనది” అని రాశారు. చింపలేదు. అది సలోమీ ఫైల్లోనే ఉండిపోయింది, అడ్డగీత కింద “నిర్లక్ష్యం” అన్న మాట చక్కగా చదవడానికి వీలుగా. నాకు ఒక మెమో వచ్చింది, తీసుకున్నాను. రామ్మోహన్ గారికి ఏదీ రాలేదు. నోటితో మందలించారని విన్నాను. మా ఆఫీసులో కాగితం ఏ మెట్టు దాకా ఎక్కుతుందో, ఏ మెట్టు దగ్గర ఆగుతుందో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఆ పెట్టెను చీటీలుగా అచ్చు వేయించాం. ఆఫీసులో మిగిలిన పుస్తకాలకు అక్కడే అంటించి, పంచిన వాటికి ఊరూరా తిరిగి అంటించాం. ఆ పనికి వెళ్లిన జీపులో నేనూ సలోమీ వెళ్లాం. అరుగుల మీద కూర్చుని మైదా జిగురు రాసి అంటిస్తుంటే రైతులు ఊరికే ఉండరు కదా. “ఏమ్మోయ్, పుస్తకానికి కూడా మాసికలు వేస్తారా?” అని ఒకాయన. “కొత్త చొక్కా కుట్టించి జేబు మరిచిపోయారంట్రా” అని ఇంకొకాయన. సలోమీ అందరికీ నవ్వుతూ జవాబులు చెప్పింది. ప్రతి పుస్తకంలోనూ చీటీ అంచులు ఎర్ర గీతలకు సరిగ్గా కలిసేలా అంటించింది. ఆ రైతు ఇంటికీ వెళ్లాం. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య చీటీ అంటించనిచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో సలోమీ నన్ను అడిగింది.

“మేడం, మీకు ఆరోజు మధ్యాహ్నమే తెలిసిందంట కదా?”

“తెలిసిందమ్మా.”

“నేను తాళాలు పెట్టేటప్పటికే తెలుసా?”

“తెలుసు.”

“మరి మర్నాటి దాకా ఎందుకు ఆగారు?”

కారణం చెప్పాను. ఆయన నాకు చేసిన మేలు గురించి కూడా చెప్పాను. అంతా విని, “ఆరోజు ఇంటికెళ్లి మా అమ్మతో, తప్పు నాదేనేమోనమ్మా అన్నాను మేడం. నొక్కింది నేనే కదా అని ఆ రాత్రంతా అనుకున్నా” అంది. నింద వేయాలని అన్నట్టు లేదు, జరిగింది చెప్పింది. ఇంకో ఏడాది మా దగ్గరే పనిచేసి, చీరాలలో ఒక ప్రెస్సులో మంచి ఉద్యోగం వస్తే వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పి వెళ్లింది.

రామ్మోహన్ గారి కింద నేను ఇంకా నాలుగేళ్లు పనిచేశాను. ఆయన పేరును ప్రార్థనలో మళ్లీ చేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. చేర్చుకున్నాక కూడా కోపం పోలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. సాయం చేసినవాళ్లకు కృతజ్ఞత చెప్పండి, చెప్పి వాళ్లు చేసిన పనిని వాళ్ల ఎదుటే పరీక్షించండి. మెషిన్ చూపించే మెసేజ్‌ని పూర్తిగా చదవకుండా దేన్నీ నొక్కకండి, ఎవరు నొక్కమన్నా సరే. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిన గంటలోనే చెప్పండి. మర్నాడు చెప్పినా ఉద్యోగం నిలబడవచ్చు. కానీ ఆ మధ్యలో తప్పు చేయని మనిషి దాన్ని తనదిగా నమ్మడం మొదలుపెడుతుంది. ఆ నమ్మకాన్ని వెనక్కి తీసుకునే కాగితం ఏ ఆఫీసులోనూ లేదు.